బాక్‌మన్స్ స్పారో: పాడే మగపిట్టల లెక్క ఎందుకు చాలదు

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. అలబామాలో ఎమ్మెస్ మొదలుపెట్టావు. లాంగ్‌లీఫ్ పైన్ (పొడుగాకుల పైన్ చెట్టు) అడవుల్లో తగ్గిపోతున్న బాక్‌మన్స్ స్పారో అనే పిట్ట మీద థీసిస్ చెయ్యమన్నారు. చేతిలో రెండు ఫీల్డ్ సీజన్లున్నాయి. "అడవిని రెండు మూడేళ్ళకోసారి కాలిస్తే పిట్ట ఉంటుంది, కాల్చకపోతే పోతుంది, ఇది అందరికీ తెలిసిందే కదన్నా, కొత్తగా పరిశోధించేదేముంది? మానిటరింగ్ అంటే పోయి లెక్కపెట్టుకు రావడమేనా?" అని అడిగావు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మంట సంగతి చాలావరకు తెలుసు. తెలియనిదల్లా పాడని పిట్టల సంగతి. గుడ్ల మీద కూర్చున్న ఆడపిట్ట, గూడు వదిలి గడ్డిలో దాక్కున్న పిల్ల, చలికాలమంతా నోరు విప్పని పక్షి, వీటి గురించి మనకున్న సమాచారం చాలా తక్కువ. దాదాపు అరవై ఏళ్ళుగా లెక్కపెడుతున్నది పాడే మగవాటిని, ఎందుకంటే వినిపించేవి అవే. నీ రెండు సీజన్లూ ఆ మిగతా సగం మీద పెట్టమని నా సలహా. ఎందుకో వివరంగా రాస్తాను.

ఈ పిట్టను ఎరగనివాళ్ళ కోసం కొంచెం. స్పారో అన్నారు గాని మన ఊరపిచ్చుకకూ దీనికీ చుట్టరికం లేదు, అమెరికా ఖండాల స్పారోలది వేరే కుటుంబం. సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, 20 గ్రాముల బరువు. బూడిద రంగు వెన్ను మీద ఇటుకరంగు చారలు. ఎండిన గడ్డిలో అడుగు దూరంలో ఉన్నా కనబడదు. ఎగరడం కంటే నేల మీద నడవడం, పరుగెత్తడం ఎక్కువ. తరిమితే కొన్నిసార్లు గోఫర్ తాబేలు తవ్విన బొరియలోకి దూరిపోతుంది. 1832లో దక్షిణ కరొలినాలో జాన్ బాక్‌మన్ అనే పాస్టరు గారికి కనిపిస్తే, ఆయన స్నేహితుడు, పక్షుల చిత్రకారుడు ఆడుబన్ ఆయన పేరు పెట్టాడు. 2023 నవంబరులో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ మనుషుల పేర్లున్న పక్షుల ఇంగ్లీషు పేర్లు మారుస్తామని ప్రకటించింది కాబట్టి ఈ పేరు కూడా మారొచ్చు. పాతవాళ్ళు దీన్ని పైన్‌వుడ్స్ స్పారో అనేవాళ్ళు, నాకైతే ఆ పేరే ఇష్టం. అదే బాక్‌మన్ పేరుతో వార్‌బ్లర్ అనే చిన్న పాటపిట్ట ఒకటి ఉండేది. అది అంతరించిపోయిందని 2023 అక్టోబరులో అధికారికంగా తేల్చారు. ఆ రోజు నేను ఫీల్డులోనే ఉన్నాను. పొద్దంతా ఆ మాటే మనసులో మెదిలింది.

దీని అడవి సంగతీ చెప్పాలి. వర్జీనియా నుంచి తూర్పు టెక్సస్ దాకా ఒకప్పుడు దాదాపు 9 కోట్ల ఎకరాల్లో లాంగ్‌లీఫ్ పైన్ ఉండేది. కలపకు కొట్టారు, టర్పెంటైన్ కోసం గాట్లు పెట్టారు, పొలాలు చేశారు, త్వరగా ఎదుగుతాయని లోబ్లాలీ, స్లాష్ పైన్ తోటలు వేశారు, అన్నిటికీ మించి మంటను ఆపేశారు. 1990ల నాటికి మిగిలింది మూడున్నర శాతం లోపే. 2009 నుంచి పునరుద్ధరణ గట్టిగా సాగుతోంది. 2025 కల్లా 80 లక్షల ఎకరాలన్న లక్ష్యం అందలేదు గాని, విస్తీర్ణం తరగడం ఆగి పెరగడం మొదలైంది. పిట్ట లెక్క మాత్రం అలా మళ్ళలేదు. 1966లో మొదలైన బ్రీడింగ్ బర్డ్ సర్వే ప్రకారం ఇప్పటికి మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. అడవి పెరుగుతుంటే పిట్ట ఎందుకు పెరగడం లేదన్నదే అసలు ప్రశ్న.

మంటతో దీని సంబంధం నువ్వు చెప్పినట్టే బాగా తెలిసిన విషయం. ఇది నేల మీద నడిచి తినే పిట్ట. తలపైన గడ్డి కప్పు ఉండాలి, కాళ్ళ కింద ఖాళీ నేల ఉండాలి. ఈ అడవి నేల మీది వైర్‌గ్రాస్ అనే గడ్డి కుదురు కుదురుగా పెరుగుతుంది, కుదుళ్ళ మధ్య కాల్చిన కొత్తలో నేల కనిపిస్తుంది. అక్కడే గింజలు, మిడతలు, సాలీళ్ళు దొరుకుతాయి. మూడేళ్ళు దాటితే ఎండుగడ్డి, పైన్ ఆకులు పరుపులా పేరుకుంటాయి, పొదలు లేస్తాయి, నడవడానికి దారుండదు. నాలుగో ఏడాదికి పాట పలచబడుతుంది, ఆ తరువాత పూర్తిగా ఆగిపోతుంది. అలబామాలో మీ కనెక్యూ నేషనల్ ఫారెస్టులోనూ, ఫ్లోరిడా, జార్జియా సరిహద్దులో టాల్ టింబర్స్ పరిశోధన కేంద్రం చుట్టుపక్కల భూముల్లోనూ ఈ సంగతి ఎన్నోసార్లు రుజువైంది. ఇంకోసారి రుజువు చెయ్యడానికి నీ రెండేళ్ళు ఖర్చుపెట్టకు.

ఇక నేను చేసిన పొరపాటు చెబుతాను. ఈ పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక భూమి నాకు అప్పగించారు. లోగడ దున్ని వదిలేసిన నేల, దాని మీద పైన్ నాటి, శ్రద్ధగా కాలుస్తున్నారు. ఏప్రిల్లో పోతే ఎక్కడ ఆగినా పాటే. ముందు ఒక్క సన్నని ఈల సాగదీసి, వెంటనే వేరే శ్రుతిలో గలగలమని ఒక తీగ. విన్నవాడెవడూ మరచిపోలేడు. నేను సంబరపడి "ఇక్కడ సంతతి బాగుంది" అని నివేదికలో రాసిచ్చాను. జులైలో వేరే పని మీద అదే చోటికి పోయాను. నోట్లో పురుగుతో తిరిగే పెద్ద పిట్ట ఒక్కటి లేదు. తోక పొట్టిగా, రొమ్ము మీద చారలతో ఉండే పిల్ల ఒక్కటి లేదు. మగవి మాత్రం ఏప్రిల్లో పాడినంత జోరుగా ఇంకా పాడుతున్నాయి. అంత జోరు ఎందుకో అప్పటికి నాకు తట్టలేదు. జత దొరికిన మగది పాట తగ్గించి కాపలాలో, పిల్లల మేతలో పడుతుంది. జత దొరకనిది సీజనంతా పిలుస్తూనే ఉంటుంది. నేను "బాగుంది" అని రాసింది ఒంటరి మగవాటి గుంపును చూసి. నా కాగితం చూసి ఆ భూమికి ఇంకేమీ చెయ్యనక్కర్లేదని పైవాళ్ళు అనుకున్నారు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి పాటల లెక్క ఒక్కటే పట్టుకుని "బాగుంది" అన్న మాట నేను రాయలేదు.

అలాగని లెక్క వద్దనడం లేదు. సరిగ్గా చెయ్యాలంటున్నాను. బ్రీడింగ్ బర్డ్ సర్వే గొప్ప ఏర్పాటు. అది లేకపోతే పిట్ట తగ్గుతోందన్న సంగతే మనకు తెలిసేది కాదు. కాని అది రోడ్డు సర్వే. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టి, అర మైలుకొకటి చొప్పున 50 చోట్ల ఆగి, ఒక్కోచోట 3 నిమిషాలు వింటారు, ఏడాదికి ఒక్కసారి. మన పిట్ట ఉండే నేలలు చాలావరకు సైనిక స్థావరాల లోపల, నేషనల్ ఫారెస్టుల నడుమ, పెద్ద పెద్ద ప్రైవేటు ఎస్టేట్లలో ఉన్నాయి. రోడ్డు మీద నుంచి దీన్ని లెక్కపెట్టడం వీధి గుమ్మంలో నిలబడి ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పడం లాంటిది. పైగా ఒక్కసారి పోతే, ఆ పొద్దు అది పాడలేదో, అసలు అక్కడ లేదో తేల్చుకునే దారి లేదు.

అందుకే ఒకే పాయింటుకు (నిలబడి వినే చోటుకు) ఒకే సీజన్లో కనీసం మూడుసార్లు పోవాలి. లెక్క చూడు: పిట్ట ఉన్నచోట ఒకసారి పోతే వినబడే అవకాశం సగం అనుకుందాం. ఒక్కసారి పోయి ఊరుకుంటే ఉన్న చోట్లలో సగం "లేదు" అని రాస్తావు. మూడుసార్లు పోతే ఆ తప్పు 12.5 శాతానికి దిగుతుంది. ఆ మూడు రాకపోకల నుంచే వినబడే అవకాశం ఎంతో కూడా లెక్కకట్టొచ్చు, ఆక్యుపెన్సీ మోడల్స్ చేసేది ఇదే. ఒక జాగ్రత్త ఉంది. అదే డేటాతో ఎన్-మిక్స్చర్ మోడల్ నడిపి ఎకరానికి ఇన్ని పిట్టలని సంఖ్య చెప్పాలనే ఆశ పుడుతుంది. కాలి రింగులు లేకుండా, కేవలం కౌంట్ల నుంచి తీసిన ఆ సంఖ్యలు చిన్న తప్పుకే పెద్దగా పక్కకు పోతాయని గణాంకశాస్త్రజ్ఞులు 2018లో గట్టిగా హెచ్చరించారు. సాంద్రత కావాలంటే పిట్ట నీకెంత దూరంలో ఉందో కొలిచి రాయి, లేదా రింగులు వెయ్యి. ప్లేబ్యాక్ (దాని పాట రికార్డింగునే దానికి వినిపించడం) వాడితే పిట్ట బాగానే బయటపడుతుంది గాని, దూరాన ఉన్న మగది కూడా పరుగున వచ్చి నీ పాయింటులో కూర్చుంటుంది. కాబట్టి ముందు మౌనంగా విను, లెక్క రాసుకో, ఆ తరువాతే పాట వినిపించు. ఆ రెండూ వేర్వేరు గడుల్లో రాయి.

రికార్డర్ల గురించి అడిగావు. ఇప్పుడు అందరి చేతిలో ఆడియోమాత్ అనే చిన్న రికార్డర్ ఉంది, పాట విని పిట్టను గుర్తుపట్టే బర్డ్‌నెట్ సాఫ్ట్‌వేర్ ఉంది. మంచివే. రాత్రీ పగలూ కాపలా కాస్తాయి. పాట ఏ వారంలో మొదలైంది, ఏ వారంలో ఆగింది, కాల్చిన ఎన్నో రోజుకు మళ్ళీ వినిపించింది అన్నవి మనిషి కంటే రికార్డరే బాగా చెబుతుంది. కాని అది కూడా వినేది పాడే మగదాన్నే. నేను చెప్పిన లోటు అలాగే ఉంటుంది. ఒక్కో మగపిట్టకు పదుల రకాల పాటలుంటాయి కనుక రికార్డింగు విని అక్కడున్నవి రెండా నాలుగా అని చెప్పలేవు. అదే అడవిలోని వేరే పిట్టలు, టౌహీ మొదటి ఈల, పైన్ వార్‌బ్లర్ గలగల రెండూ సాఫ్ట్‌వేర్‌ను తికమకపెడతాయి. యంత్రం పట్టిన ప్రతి ముక్కా నువ్వు వినకపోయినా, ప్రతి చోటు నుంచీ కొన్ని తీసి చెవితో సరిచూసుకో. "యంత్రం చెప్పింది" అన్నది థీసిస్‌లో జవాబు కాదు.

ఇప్పుడు గూళ్ళు. ఇక్కడే ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే అసలు లోటు ఇక్కడే.

గూడు కట్టేది ఆడది, గుడ్లు పొదిగేదీ ఆడదే. గడ్డి కుదురు మొదట్లోనో, చిన్న పామెట్టో (పొట్టి తాటిజాతి మొక్క) పక్కనో, నేలకు ఆనించి ఎండు గడ్డితో అల్లుతుంది. చాలా గూళ్ళకు పైన గడ్డి కప్పు, ఒక పక్క ద్వారం ఉంటాయి. లోపల నాలుగు తెల్లటి గుడ్లు, ఒక్క మచ్చ లేకుండా. నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లకు సాధారణంగా మచ్చలుంటాయి. దీనికి ఆ దాపరికం అక్కర్లేకపోయింది, ఆ పని పైకప్పు చేస్తుంది. నేను మొదటిసారి చూసిన గూడు నా బూటుకు జానెడు దూరంలో ఉంది. ఆడపిట్ట నా కాళ్ళ ముందు నుంచి ఎలుకలా రెక్కలు వాల్చి పరుగెత్తింది. ఎగరలేదు. నేను కదలకుండా నిలబడిపోయి, వంగి, ఒక్కో గడ్డిపోచా కళ్ళతో వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ ద్వారం కనిపించింది, లోపల చీకట్లో తెల్లగా. ఇంకో అడుగు వేసి ఉంటే తొక్కేవాణ్ణి. గూళ్ళు వెతకడానికి మనుషులను వరసగా నడిపించే ముందు ఈ సంగతి ప్రతి కుర్రాడికీ చెబుతాను: అడుగు ఎత్తే ముందు, దించే చోటు చూడండి.

గూడు దొరకడం కష్టం కాబట్టే డేటా తక్కువ. కాని అది లేకుండా అడవి మేలు చేస్తోందో కీడు చేస్తోందో చెప్పలేం. ఒక ఉదాహరణ. గుడ్లు పెట్టడం మొదలైన దగ్గర నుంచి పిల్లలు గూడు వదిలేదాకా సుమారు 24 రోజులనుకో. రోజుకు గూడు బతికే అవకాశం 95 శాతమైతే చివరిదాకా బతికేవి 29 శాతం. రోజుకు 97 అయితే 48 శాతం. రోజువారీ తేడా రెండు శాతమే, సీజను చివర చూస్తే ఒకచోట సంతతి నిలబడుతుంది, ఇంకోచోట కూలిపోతుంది. పాటల కౌంట్లో ఈ తేడా రెండు మూడేళ్ళ దాకా కనిపించనే కనిపించదు, ఎందుకంటే బయటినుంచి కొత్త మగవి వచ్చి ఖాళీలు నింపుతుంటాయి. గూళ్ళ లెక్క కట్టేటప్పుడు "దొరికిన వాటిలో ఎన్ని నెగ్గాయి" అని శాతం తీయకు. మొదట్లోనే పాడైన గూళ్ళు నీ కంట పడవు, దొరికేవి ఎక్కువగా అప్పటికే కొన్నాళ్ళు గట్టెక్కినవి. ప్రతి గూటికీ నువ్వు గమనించిన రోజులను లెక్కలోకి తీసుకునే పద్ధతి వాడు. మేఫీల్డ్ 1961లో చూపించిన దారే అది, ఇప్పటి మోడళ్ళు దానికి కొనసాగింపు.

గూళ్ళను ఎవరు తింటున్నారన్నది కెమెరా పెడితేనే తెలుస్తుంది. పాములా, ఎర్ర నిప్పుచీమలా, రకూన్లా? ఒక్కోదానికి మందు వేరు. నిప్పుచీమల బెడదకు, పాముల బెడదకు ఒకే పథకం పనికిరాదు. పుండొకచోట, మందొకచోట అవుతుంది.

గూళ్ళతో ముడిపడిన పెద్ద ప్రశ్న ఇంకోటుంది: ఏ నెలలో కాల్చాలి? సహజంగా ఈ అడవులు మెరుపులకు అంటుకునేది మే నుంచి జులై మధ్య. వైర్‌గ్రాస్ బాగా పూత పూసి గింజ కట్టాలంటే ఆ నెలల్లోనే కాలాలి. కాని అప్పుడు నేల మీద గూళ్ళుంటాయి. పొగ, తేమ, గాలి అనుకూలిస్తాయని చాలామంది జనవరి నుంచి మార్చి లోపు కాలుస్తారు. గూడు కాలిపోయిన ఆడది మళ్ళీ పెడుతుంది, ఏడాదికి రెండు మూడు విడతలు గుడ్లు పెట్టగల పిట్ట ఇది. ఆ మళ్ళీ పెట్టిన గూడు నష్టాన్ని పూడుస్తుందా, కాలిన చోటికి పక్క నేలలో పెడుతుందా, ఎంత పెద్ద ముక్క ఒక్కసారే కాలిస్తే పూడ్చలేదు? దీనికి గూళ్ళ మీద, రింగులున్న ఆడవాటి మీద కొలిచిన జవాబు కావాలి. మంట తరువాత అవి ఏం చేస్తాయన్నదాంట్లోనే ఇప్పటికి దొరికిన ఫలితాలు పొసగవు. దక్షిణ కరొలినాలో వేసవి మంటల తరువాత రేడియో కట్టిన పిట్టలు ఆ ముక్కను వదిలిపోయాయి. జార్జియాలో థామస్‌విల్ దగ్గర వేడ్ ట్రాక్ట్ అనే పాత అడవిలో మగవి తమ హద్దులు దాటలేదు. నా అనుభవంలో తేడా మంట అతుకులు అతుకులుగా కాలిందా, ఊడ్చినట్టు కాలిందా అన్నదాంట్లో ఉంటుంది. పాత వైర్‌గ్రాస్ నేలలో మంట అక్కడక్కడా కుదుళ్ళను వదిలేస్తుంది, పిట్టకు ఆ పూట దాక్కోవడానికి అవి చాలు. కాలిన మర్నాడు ఆ వదిలేసిన అతుకులను కొలిచి రాసే పని దాదాపు ఎవరూ చెయ్యరు. ఖర్చులేని పని అది, ఒక టేపు, ఒక నోటుబుక్కు చాలు. నువ్వు చెయ్యి.

గూడు వదిలిన పిల్లల సంగతి ఇంకా చీకటి. తొమ్మిది పది రోజుల వయసులో, ఎగరడం రాకుండానే బయటికొస్తాయి. ఆ తరువాత మూడు వారాలు గడ్డిలో. ఎక్కువ చచ్చేది అప్పుడే. రేడియో కట్టాలంటే దాని బరువు పిట్ట బరువులో 3 శాతం దాటకూడదన్న లెక్కన, 20 గ్రాముల పిట్టకు 0.6 గ్రాములకు మించకూడదు. అంత చిన్న ట్యాగు బ్యాటరీ కొద్ది వారాలే వస్తుంది. ట్యాగుల సిగ్నల్ పట్టే మోటస్ టవర్లున్నాయి కదా అంటావేమో. ఇవి గడ్డి కింద నేల మీద ఉండే పిట్టలు, సిగ్నల్ దూరం పోదు. టవర్‌ను నమ్ముకుని కూర్చోకుండా యాంటెన్నా చేతబట్టుకుని నడవాల్సిందే.

చలికాలం అంతకంటే కష్టం. ఆగస్టు దాటితే పాట ఉండదు. ఉత్తరపు కొసల నుంచి కొన్ని దక్షిణానికి దిగుతాయి, దక్షిణాన ఉన్నవి అక్కడే ఉంటాయి, రెండూ కలిసిపోతాయి. వినడానికేమీ లేదు కనుక ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని గడ్డి మీదుగా లాగుతూ పోవాలి, లేచిన పిట్టను వల వైపు తోలి పట్టాలి. చలికి చేతులు మొద్దుబారిపోతాయి, రోజంతా తిరిగితే రెండు మూడు దొరికినా అదృష్టమే. చలికాలంలో ఎన్ని బతుకుతున్నాయి, వాటి గింజల మేతకూ జనవరి మంటలకూ సంబంధమేమిటన్నది తెలియకుండా, వేసవి గూళ్ళు ఎంత నెగ్గినా పూర్తి లెక్క రాదు.

మన దగ్గర ఇలాంటి పని జరిగింది, నువ్వు కడప వైపువాడివైతే వినే ఉంటావు. జెర్డన్స్ కోర్సర్, మన కలివికోడి, 1986లో లంకమల దగ్గర మళ్ళీ దొరికిన పక్షి. రాత్రి తిరుగుతుంది, పొదల్లో నడుస్తుంది, కంటపడదు. దాన్ని వెతికినవాళ్ళు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లవారి వాటి మీద కాలిముద్రలు చదివారు, కెమెరాలు పెట్టారు. కనబడని పక్షికి కనబడే జాడ ఏమిటని ముందు ఆలోచించారు. స్పారోకూ అదే ఆలోచన కావాలి. జులైలో ఒక మగదాని హద్దులో అరగంట కూర్చుని జత ఉందా, నోట్లో మేత ఉందా, పిల్ల ఉందా అని మెట్లు మెట్లుగా గుర్తు పెట్టే పద్ధతి ఉంది. గూడు దొరక్కపోయినా ఫలితం తెలుస్తుంది. నేను మొదట్లోనే అది చేసి ఉంటే ఆ తప్పు నివేదిక రాసేవాణ్ణి కాదు.

అడవి ముక్కల సంగతి క్లుప్తంగా. 2014లో వచ్చిన జన్యు పరిశోధనలో దూర దూరపు సంతతుల మధ్య పెద్ద తేడాలు కనబడలేదు. అంటే మొన్నమొన్నటి దాకా ఇవి బాగానే తిరిగాయి. కాని జన్యువులు పాత కథ చెబుతాయి, నేటి ముక్కలైన అడవి దెబ్బ వాటిలో తేలడానికి చాలా తరాలు పడుతుంది. ఉత్తర కరొలినాలో పిట్ట ఉందా లేదా అన్నది ఆ ముక్క బాగుండడంతోపాటు చుట్టూ కొన్ని కిలోమీటర్లలో అలాంటి నేల ఎంతుందన్నదాని మీద కూడా ఆధారపడిందని తేలింది. కాబట్టి ఒంటరి ముక్కను ఎంత బాగా కాల్చినా అది ఖాళీగా ఉండిపోవచ్చు. ఖాళీ ముక్కల జాబితా కూడా డేటాయే. పిట్ట లేని చోట్లకు పోవడం మానకు.

ఇక మానిటరింగ్‌లో నన్ను బాగా బాధపెట్టే విషయం. పిట్టల డేటా ఒకరి దగ్గర, మంటల రికార్డు ఇంకొకరి దగ్గర. కాల్చినవాళ్ళ కాగితంలో "ఫలానా యూనిట్, 300 ఎకరాలు, ఫిబ్రవరి" అని ఉంటుంది. నిజంగా అందులో ఎంత కాలింది, ఎదురుగాలికి నెమ్మదిగా కాల్చారా, గాలివాటున పరుగెత్తించారా, నేలలో తేమెంత, ఏదీ ఉండదు. రెడ్-కాకేడెడ్ వడ్రంగిపిట్టకు 1970 నుంచి చట్టరక్షణ ఉంది, 2024లో దాని స్థాయిని అంతరించే దశ నుంచి ఒక మెట్టు తక్కువైన ప్రమాదపు దశకు మార్చారు. దాని గూటిచెట్లు ఒక్కొక్కటీ నంబరుతో సహా రాసి ఉంటాయి. ఆ పక్షి కోసం పొదలు తీసి, కాల్చి, అడవిని తెరిచిన చోట్ల స్పారోకు కూడా మేలు జరిగింది, అందులో సందేహం లేదు. కాని వడ్రంగిపిట్ట చూసేది పాత చెట్టును, స్పారో చూసేది నేలను. చెట్లు చక్కగా ఉండి, కింద వైర్‌గ్రాస్ లేని తోటలు ఎన్ని చూశానో. ఒకసారి దున్నిన నేలలో ఆ గడ్డి దశాబ్దాలు గడిచినా దానంతటది తిరిగిరాదు. కరొలినాల్లో రాలిన పైన్ ఆకును తోటల్లో నేల మీద కప్పుగా పరిచేందుకు అమ్మడానికి దంతెలతో గీకి మూటలు కడతారు, ఆ గీకుడుకు మిగిలిన గడ్డి కూడా లేచిపోతుంది. అలాంటి చోట స్పారో గూళ్ళు ఎలా ఉన్నాయో కొలవడం అత్యవసరమైన పని.

అమెరికా దక్షిణాది అడవిలో అత్యధిక భాగం ప్రైవేటు చేతుల్లో ఉంది కాబట్టి భూమి యజమానుల నమ్మకం లేకుండా ఇవేవీ జరగవు. అరుదైన పిట్ట ఉందంటే ప్రభుత్వం చేతులు కట్టేస్తుందేమోనని వాళ్ళ భయం. 1995లో ఉత్తర కరొలినా శాండ్‌హిల్స్‌లో వడ్రంగిపిట్ట కోసం సేఫ్ హార్బర్ ఒప్పందాలు (భూమిలో పిట్టకు మేలు చేసిన యజమానికి కొత్త ఆంక్షలు రావని హామీ) మొదలైంది ఆ భయం తీర్చడానికే. నువ్వు గేటు తాళం అడిగే ముందు, డేటా ఎవరికి చూపిస్తావో, చిరునామా ఎలా దాస్తావో కాగితం మీద రాసివ్వు. సీజను అయ్యాక వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మీ భూమిలో ఇది కనిపించిందని మ్యాపు వేసి చూపించు. వచ్చే ఏడు గేటు నీకోసం తెరిచే ఉంటుంది.

కాలం గురించి ఒక లెక్క చెప్పి నీ థీసిస్‌కు వస్తాను. ఏటా 3 శాతం తగ్గితే మూడేళ్ళలో తగ్గేది 9 శాతం లోపే. ఏడాదికేడాది వానల వల్ల, కాల్చిన వరస వల్ల కౌంట్లు దానికి ఎన్నో రెట్లు ఊగుతాయి. కాబట్టి ట్రెండ్ తేలుస్తానని ఒప్పుకోకు. పదేళ్ళకు ఆ తగ్గుదల 26 శాతం అవుతుంది, అప్పుడు కనబడుతుంది. పదేళ్ళ పని ఒక విద్యార్థిది కాదు, పాయింట్లు మార్చకుండా, పద్ధతి మార్చకుండా కొనసాగించే సంస్థది. నువ్వు చెయ్యగలిగింది, నీ తరువాత వచ్చేవాడు అదే చోట నిలబడగలిగేలా మేకులు పాతి, జీపీఎస్ రాసి, ఫారాలు శుభ్రంగా ఉంచడం.

నీ రెండు సీజన్లకు నేనైతే ఇలా చేస్తాను. ఒకే అడవిలో, పాత గడ్డి నేల కొంత, దున్ని నాటిన నేల కొంత తీసుకో. రెండింట్లోనూ ఆ చలికాలం కాల్చినవి, ఏడాది క్రితంవి, రెండేళ్ళ క్రితంవి ఉండేలా చూడు. మార్చి నుంచి మగవాటికి రంగు రింగులు వెయ్యి. ఆడవాటికి తప్పకుండా వెయ్యి, వలలోకి తేవడం ఆలస్యమైనా సరే. మూడు విడతల కౌంటు పెట్టుకో, నాలుగో వంతు పాయింట్లలో రికార్డర్ ఉంచు. మే నుంచి నీ టైమంతా గూళ్ళకు, మేత మోసే పెద్ద పిట్టలకు ఇచ్చెయ్యి. పిల్లలకు ట్యాగులు మొదటి సీజన్లో వద్దు, చెయ్యి తిరిగాక రెండో సీజన్లో పెట్టు. చివర్లో నీ కౌంట్లు చెప్పిన కథ, నీ గూళ్ళు చెప్పిన కథ పక్కపక్కన పెట్టి చూడు. రెండూ ఒకటే చెబితే కౌంట్లను నమ్మొచ్చని మిగతా అందరికీ ధైర్యం వస్తుంది. వేరే చెబితే, ఏ నేలలో ఎందుకు వేరో చెప్పిన మొదటివాళ్ళలో నువ్వొకడివవుతావు.

రింగులు వెయ్యడానికి ఫెడరల్ బ్యాండింగ్ అనుమతి కావాలి, అలబామా రాష్ట్ర అనుమతి వేరే, యూనివర్సిటీ జంతు సంరక్షణ కమిటీ ఆమోదం ఇంకోటి. మూడూ కలిపి నెలలు పడతాయి, కాబట్టి ఈ వారమే దరఖాస్తు పెట్టు. పెట్టాక నీ అడవి గత ఐదేళ్ళ మంటల మ్యాపు సంపాదించి నాకు పంపు, పాయింట్లు ఎక్కడ పెట్టాలో కలిసి గీద్దాం.